లైంగిక విద్య: ఎవరి కోసం? ఏ భాషలో?

సాహిత్య విమర్శ కోసం నడిచే పత్రికలో లైంగిక విద్య గురించి వ్యాసం ఏమిటని కొందరు మిత్రులు అడగవచ్చు. వైద్యులో, ఉపాధ్యాయులో రాయవలసిన విషయమిదని వారి అభిప్రాయం. కాని లైంగిక విద్య పేరుతో యువతకు చేరుతున్నదేమిటో ఒకసారి చూడండి. కరపత్రం, బొమ్మల పుస్తకం, గోడమీది ప్రకటన, వీధినాటకం, పాఠ్యపుస్తకంలో ఒక అధ్యాయం. ఇవన్నీ ఎవరో రాసినవే. రాసినవాడికి ఒక దృక్పథం ఉంటుంది. అతడు తన ఎదుట ఒక పాఠకుణ్ణి ఊహించుకునే రాస్తాడు. ఊహించుకున్న పాఠకుడికీ, ఆ కాగితాన్ని నిజంగా చేతిలోకి తీసుకునే పాఠకుడికీ మధ్య ఉన్న దూరాన్ని కొలవడం విమర్శకుడి పని కాకపోతే మరెవరి పని?

ఒక కార్యక్రమం పనిచేసిందని ఎట్లా తేల్చాలి? ఒకచోట పనిచేసినదాన్ని మరోచోటికి ఎట్లా తెచ్చుకోవాలి? మొదటిది మూల్యాంకన సమస్య, రెండవది అనుసరణ సమస్య. ఈ రెంటినీ నేను నివసించే దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి. నగర్ ప్రాంతాన్ని దృష్టిలో పెట్టుకొని పరిశీలిస్తాను.

1. పాఠకుడెవరు?

విజయవాడ రోడ్డు, నాగార్జునసాగర్ రోడ్డు హైదరాబాదులోకి ప్రవేశించే తూర్పు ముఖద్వారం ఎల్.బి. నగర్. నల్లగొండ, దేవరకొండ, అచ్చంపేట వైపు నుంచి బతుకుదెరువు కోసం వచ్చినవాళ్లు ముందుగా కాలుపెట్టేది ఇక్కడే. 2007లో ఎల్.బి. నగర్, గడ్డిఅన్నారం మునిసిపాలిటీలు మహానగరంలో కలిసిపోయాయి. 2018 సెప్టెంబరులో ఎల్.బి. నగర్ నుంచి అమీర్‌పేట వరకు మెట్రో వచ్చింది. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టును 2021లో నగరం వెలుపలికి తరలించారు. దాన్ని నమ్ముకున్న హమాలీల కుటుంబాలు మార్కెట్టుతోపాటు అంత తేలిగ్గా తరలిపోలేదు.

ఈ ప్రాంతంలో యువత అంటే ఒకే యువత కాదు. దిల్‌సుఖ్‌నగర్ సందుల్లో కోచింగు సెంటర్లున్నాయి, వాటి చుట్టూ హాస్టళ్లున్నాయి. తల్లిదండ్రులు అప్పులు చేసి పంపిన పిల్లలు అక్కడ గదికి నలుగురు చొప్పున ఉండి ఉద్యోగ పరీక్షలకు చదువుతుంటారు. అదే సందు చివర బట్టల దుకాణంలో రోజంతా నిలబడి పనిచేసే అమ్మాయి ఉంది. మెకానిక్ షెడ్డులో స్పానర్లు అందించే కుర్రవాడున్నాడు. కట్టుబడి పనిమీద వచ్చి, సగం కట్టిన భవనంలోనే కాపురముండే జంట ఉంది. ఇంట్లో లంబాడీ భాష, బజారులో తెలుగు, పనిలో హిందీ మాట్లాడే పిల్లలున్నారు. వీళ్లలో హాస్టలు విద్యార్థికి సెల్‌ఫోను ఉంది, ఏకాంతం లేదు. దుకాణంలో అమ్మాయికి ఫోను ఉంటే ఉంది, దాన్ని అన్న చూస్తాడు. మెకానిక్ కుర్రవాడికి బడి ఏనాడో తప్పిపోయింది.

‘నిరుపేద యువత’ అని ఒక్క ముద్ర వేసి వీళ్లందరికీ ఒకే కరపత్రం పంచితే ఏమవుతుంది? ఎవరికీ ఉద్దేశించని రచన అవుతుంది. పాత్రలకు పేర్లేగాని జీవితం లేని కథ ఎట్లా ఉంటుందో అట్లా ఉంటుంది.

2. బడి తలుపు ఎందుకు మూసుకుంది?

ఈ పని బడి చేస్తుందనుకుంటే చరిత్ర మరోలా చెబుతున్నది. 2005లో కేంద్ర మానవ వనరుల మంత్రిత్వశాఖ, జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ కలిసి కౌమార విద్యా కార్యక్రమాన్ని దేశమంతటా ప్రవేశపెట్టాయి. 2007 నాటికి మహారాష్ట్ర, గుజరాత్, మధ్యప్రదేశ్, కర్ణాటక సహా అనేక రాష్ట్రాలు దాన్ని నిలిపివేశాయి. బొమ్మలు అసభ్యంగా ఉన్నాయని, భారతీయ సంస్కృతికి విరుద్ధమని వాదించారు. 2009లో ఎం. వెంకయ్యనాయుడు అధ్యక్షతన రాజ్యసభ అర్జీల సంఘం తన నివేదిక ఇచ్చింది. బడుల్లో లైంగిక విద్య ఉండకూడదని, హెచ్.ఐ.వి., సుఖవ్యాధుల విషయాలను జీవశాస్త్రంలో, అదీ ఇంటర్మీడియట్ స్థాయికి ముందు కాకుండా చెప్పాలని సూచించింది.

ఈ సూచన ఎవరిని పాఠకుడిగా ఊహించుకున్నదో గమనించండి. ఇంటర్మీడియట్ దాకా చదవగలిగినవాళ్లనే. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 20–24 ఏళ్ల స్త్రీలలో 23.5 శాతం మందికి 18 నిండకముందే పెళ్లయింది. ఆంధ్రప్రదేశ్‌లో అది 29.3 శాతం. అంటే దాదాపు ప్రతి నలుగురిలో ఒక అమ్మాయికి, పాఠం వచ్చేవేళకు, పాఠంలోని విషయం జీవితంలో జరిగిపోయి ఉంటుంది. ‘ఇంకా వయసు రాలేదు’ అని పాఠాన్ని వాయిదా వేసే సమాజమే పెళ్లికి మాత్రం వయసు వచ్చిందంటుంది. భూస్వామ్య నీతిలోని ఈ వైరుధ్యాన్ని మన కథకులు నూరేళ్లుగా చూపుతూనే ఉన్నారు.

ఆ తర్వాత ప్రభుత్వ విధానం కొంత మారింది. 2014 జనవరిలో ప్రారంభమైన రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమం 10 నుంచి 19 ఏళ్లవారిని, బడి బయటి పిల్లలతో సహా, లెక్కలోకి తీసుకుంది. ఈడు పిల్లలే తోటివారికి చెప్పే పద్ధతిని పెట్టింది. 2020లో ఆయుష్మాన్ భారత్ కింద బడికి ఇద్దరు ఉపాధ్యాయులకు ఆరోగ్య బాధ్యత అప్పగించే పథకం వచ్చింది. 2024 సెప్టెంబరులో, పిల్లల అశ్లీల దృశ్యాల కేసులో తీర్పు చెబుతూ సుప్రీంకోర్టు సమగ్ర లైంగిక విద్య అవసరాన్ని గట్టిగా చెప్పింది. కాగితం మీద తలుపు తెరుచుకుంది. లోపల ఏం చెబుతున్నారు, ఎట్లా చెబుతున్నారు అన్నదే ఇక మిగిలిన ప్రశ్న.

3. కొలత ఏది?

కార్యక్రమాల నివేదికలు చదివినవారికి తెలుసు: ‘ఇన్ని సమావేశాలు జరిపాం, ఇంతమంది హాజరయ్యారు, ఇన్ని పుస్తకాలు పంచాం’ అని ఉంటుంది. ఇది ముద్రించిన ప్రతులను లెక్కపెట్టి నవల గొప్పదని తేల్చడం వంటిది. హాజరు అనేది ప్రయత్నానికి కొలత, ఫలితానికి కాదు.

దీనికంటే మెరుగైన పద్ధతి, పాఠానికి ముందు, తర్వాత ఒకే ప్రశ్నలు అడిగి తేడా చూడడం. దీనిలోనూ రెండు లొసుగులున్నాయి. ఒకటి, ఆ తేడా పాఠం వల్లే వచ్చిందా, ఆ నెలల్లో పిల్లలు చూసిన సినిమాల వల్లా, స్నేహితుల వల్లా వచ్చిందా అనేది తెలియదు. అందుకే పాఠం అందని మరో బస్తీలోని పిల్లలను కూడా అదే ప్రశ్నలు అడిగి పోల్చాలి. రెండవది, ఎదురుగా కూర్చున్న పెద్దమనిషికి నచ్చే జవాబు ఇవ్వడం పిల్లలకు బాగా అలవాటు. ‘కండోము వాడకం తెలుసా?’ అని అక్క అడిగితే పెళ్లికాని అమ్మాయి తెలుసునని చెప్పగలదా? తెలుసునంటేనే తప్పు. కాబట్టి జవాబులు పేరు రాయకుండా, ఒంటరిగా, తాను చదవగల భాషలో రాసే వీలుండాలి. చదువు రానివారికి వినిపించే ఏర్పాటుండాలి.

మరొక ముఖ్యమైన విషయం మధ్యలో మానేసినవాళ్లు. ఇరవైమందితో మొదలై పన్నెండుగురితో ముగిసిన తరగతిలో ఆ పన్నెండుగురి మార్కులు ఎంత బాగున్నా, వెళ్లిపోయిన ఎనిమిదిమంది ఎవరని అడగాలి. పనిగంటలు మారినవాళ్లా? పెళ్లయి వెళ్లినవాళ్లా? సాధారణంగా ఎవరికి అవసరం ఎక్కువో వాళ్లే ముందు జారిపోతారు. మిగిలినవాళ్లతో తీసిన సగటు అబద్ధం చెబుతుంది.

చెప్పేదెవరు అన్న ప్రశ్న కూడా కొలవదగినదే. బీహారులోని నలందా జిల్లాలో 74 ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో ఒక పెద్ద అధ్యయనం జరిగింది. ఆరోగ్యం, లైంగికత, స్త్రీపురుష సమానత్వం, బడిలో హింస వంటి విషయాల కార్యక్రమమే అది. కొన్ని బడుల్లో దాన్ని బయటినుంచి వచ్చిన శిక్షణ పొందిన సలహాదారు నడిపారు, కొన్నింటిలో అదే బడి ఉపాధ్యాయుడు నడిపాడు. 2018లో ‘లాన్సెట్’ వైద్య పత్రిక ప్రకటించిన ఫలితాల ప్రకారం, సలహాదారు ఉన్నచోట బడి వాతావరణం స్పష్టంగా మెరుగుపడింది. ఉపాధ్యాయుడు నడిపినచోట అటువంటి మెరుగు కనబడలేదు. ఉపాధ్యాయులను తప్పుపట్టడానికి ఈ మాట చెప్పడం లేదు. మార్కులు వేసేవాడికి, తండ్రికి కబురు చేసేవాడికి విద్యార్థి తన సందేహం చెప్పడు. ఒకే వచనం వక్తను బట్టి వేరే అర్థం ఇస్తుందని సాహిత్య విద్యార్థులకు నేను వేరే చెప్పనక్కరలేదు.

‘చెబితే పిల్లలు చెడిపోతారు’ అన్న భయం సంగతి ఏమిటి? యునెస్కో 2009లో ప్రచురించి, 2018లో సవరించిన మార్గదర్శకాలు ప్రపంచవ్యాప్త అధ్యయనాలను సమీక్షించాయి. సమగ్రమైన విద్య వల్ల పిల్లలు లైంగిక చర్యలకు ముందుగా దిగరనీ, సంయమనం ఒక్కటే బోధించే కార్యక్రమాలు ఆశించిన ఫలితం ఇవ్వలేదనీ వాటి సారాంశం. ఈ విషయం తెలిసి కూడా పాత భయాన్నే వల్లించడం నీతి అనిపించుకోదు, మొండితనం అనిపించుకుంటుంది.

4. కొలిచేవాడి నీతి

పేదల దేహాల మీద కార్యక్రమాలు నడిపి ఫలితాలు రాసుకున్న చరిత్ర మన దగ్గర ఉంది. దాన్ని మరిచిపోయి మూల్యాంకనం గురించి మాట్లాడకూడదు. 1985లో హైదరాబాదు సమీపంలోని పటాన్‌చెరులో నెట్–ఎన్ అనే గర్భనిరోధక సూదిమందు ప్రయోగాలు జరుగుతున్నాయని స్త్రీ శక్తి సంఘటన బయటపెట్టింది. అది ప్రయోగమని ఆ స్త్రీలకు సరిగా చెప్పనేలేదు. 1986లో విషయం సుప్రీంకోర్టుకెక్కింది.

2009లో ఖమ్మం జిల్లాలో 10–14 ఏళ్ల బాలికలు సుమారు 14 వేల మందికి హెచ్.పి.వి. టీకాలు వేశారు. వారిలో చాలామంది గిరిజన బాలికలు, హాస్టళ్లలో ఉండేవాళ్లు. 2010 ఏప్రిల్‌లో ఆ కార్యక్రమాన్ని ఆపేశారు. ఆ టీకా గర్భాశయ ముఖద్వార క్యాన్సరు రాకుండా కాపాడుతుందనేది వేరే సంగతి. 2013లో పార్లమెంటరీ స్థాయీసంఘం తప్పుపట్టినది సమ్మతి తీసుకున్న తీరును. పరిశీలించిన 9,543 అంగీకార పత్రాల్లో 2,763 మీద సంతకం పెట్టింది హాస్టలు వార్డెన్లు. 1,948 పత్రాల మీద వేలిముద్రలున్నాయి.

ఈ రెండు ఉదంతాలు చెప్పేదొకటే: తెలియజెప్పడం ముందు, లెక్కించడం తర్వాత. దిల్‌సుఖ్‌నగర్ హాస్టలులోనైనా, ఎల్.బి. నగర్ బస్తీలోనైనా, పిల్లవాడి జవాబు ఎవరి చేతికి పోతుందో, ఎందుకు అడుగుతున్నారో వాడికి అర్థమయ్యేలా చెప్పకుండా వేసే ప్రశ్న దోపిడీయే. వాడి బదులు వార్డెను చేసే సంతకం వాడి సమ్మతి కాదు.

చట్టాన్ని కూడా దాచకుండా చెప్పాలి. 2012 పోక్సో చట్టం ప్రకారం 18 నిండని వారితో లైంగిక చర్య నేరం, వారి అంగీకారం ఉన్నా సరే. అటువంటి సంగతి తెలిసినవారు పోలీసులకు తెలియజేయాలి. దీనివల్ల, ఇష్టపడి దగ్గరైన జంటలోని పదిహేడేళ్ల అమ్మాయి కడుపు వచ్చినా డాక్టరు దగ్గరికి పోవడానికి భయపడుతుంది. 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు దీనికి కొంత దారి చూపింది. గర్భస్రావం కోరే మైనరు, ఆమె సంరక్షకుడు కోరితే, డాక్టరు ఆమె పేరును పోలీసు సమాచారంలో వెల్లడించనక్కరలేదని చెప్పింది. బస్తీలో పంచే ఏ పుస్తకంలోనైనా ఈ ఒక్క పేరా సరైన తెలుగులో ఉంటే, నాటువైద్యం పాలు కాకుండా ఒక ప్రాణం నిలుస్తుంది.

5. అనువాదమా, అనుసరణా?

ఇక రెండవ సమస్య. తెలుగునేల మీద రెండు ఉదాహరణలు పక్కపక్కన పెట్టి చూద్దాం.

2002 చివర్లో బొంబాయిలో ‘బల్బీర్ పాషాకు ఎయిడ్స్ వస్తుందా?’ అనే అర్థం వచ్చే ప్రకటనలు వెలిశాయి. కొద్దికాలానికే అదే నమూనాలో మన దగ్గర ‘పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?’ అన్న ప్రశ్న గోడలకూ హోర్డింగులకూ ఎక్కింది. ఊరంతా ఆ పేరే పలికింది. కొలత జ్ఞాపకం ఒక్కటే అయితే, ఇంతకంటే విజయవంతమైన ప్రచారం తెలుగులో లేదు. కాని ఆ రచనలో మార్చినదేమిటి? పేరు. మార్చనిదేమిటి? దృక్కోణం. ప్రశ్న పులిరాజా గురించే, ప్రమాదం పులిరాజాకే. అతడి భార్య కథలోకి రాలేదు, ప్రశ్న అడగలేదు. కుతూహలం, భయం అనే రెండు రసాల మీద నడిచిన ప్రచారం అది. వ్యాధి ఉన్నవాణ్ణి వేళాకోళం చేయడానికి జనం ఆ పేరునే వాడుకున్నారంటే ఆశ్చర్యం లేదు.

రెండవ ఉదాహరణ ‘సవాలక్ష సందేహాలు’. అమెరికాలోని బోస్టన్‌లో 1969లో కొందరు స్త్రీలు కలుసుకొని తమ దేహాల గురించి తామే తెలుసుకోవడం మొదలుపెట్టారు. ఆ చర్చల్లోంచి 1970లో ఒక చిన్న పుస్తకం వచ్చింది. అదే తర్వాత ‘అవర్ బాడీస్, అవర్‌సెల్వ్స్’ పేరుతో ప్రపంచమంతా తిరిగింది. దాని స్ఫూర్తితో హైదరాబాదులో స్త్రీ శక్తి సంఘటన వారు పూనుకోగా, 1991లో హైదరాబాద్ బుక్ ట్రస్ట్ ద్వారా ‘సవాలక్ష సందేహాలు’ వెలువడింది. పేరులోనే చూడండి. బోస్టన్ పుస్తకం పేరులో దేహం మీద హక్కును చాటడం ఉంది. తెలుగు పేరు సందేహంతో మొదలవుతుంది. అడగడానికే జంకే స్త్రీకి, ‘నీకొక్కదానికే కాదు, ఇందరికి ఇన్ని సందేహాలున్నాయి’ అని చెప్పే పేరు అది. ఇక్కడ రూపం మారింది, మూలసూత్రం మారలేదు: స్త్రీ తన దేహం గురించి తానే తెలుసుకోవాలి, డాక్టరు ముందు నోరులేనిది కాకూడదు.

మొదటిదాంట్లో పైపూత మార్చి లోపలి చూపును యథాతథంగా తెచ్చుకున్నారు. రెండవదాంట్లో లోపలి సూత్రాన్ని నిలుపుకొని మిగతాదాన్ని ఇక్కడి జీవితంలోంచి తిరిగి రాసుకున్నారు. అనుసరణ అంటే ఇదే. ఏది మారిస్తే కార్యక్రమం ప్రాణం పోతుందో, ఏది మార్చకపోతే ఇక్కడ ప్రాణం రాదో ముందు విడదీసుకోవాలి. సమ్మతి, గర్భనిరోధం, ఎక్కడికి పోవాలన్న సమాచారం, ప్రశ్న అడిగే స్వేచ్ఛ, ఇవి మొదటి కోవకు చెందుతాయి. ‘మన సంస్కృతికి తగినట్టు’ అనే పేరుతో వీటిని తీసేస్తే అది అనుసరణ కాదు, సెన్సారు. పాత్రలు, పనిగంటలు, తరగతి పెట్టే వేళ, యాస, ఉదాహరణలు రెండవ కోవకు చెందుతాయి. ఎల్.బి. నగర్‌లో ఆదివారం పొద్దున పెట్టే తరగతి హాస్టలు విద్యార్థికి బాగుంటుంది. దుకాణంలో పనిచేసే అమ్మాయికి ఆదివారమే ఎక్కువ పని.

6. దేహానికి తెలుగు ఉందా?

నా చేతికి వచ్చిన ఇటువంటి చిన్న పుస్తకాల్లో మూడు తెలుగులు కనబడ్డాయి. ఒకటి పాఠ్యపుస్తకపు సంస్కృతం: ‘స్వప్న స్కలనం’, ‘ఋతుస్రావం’. రెండవది ఆసుపత్రి ఇంగ్లీషు. మూడవది పుస్తకంలో ఉండదు, పుస్తకం చదివే కుర్రవాడి నోట్లో ఉంటుంది, అది బూతు. దేహ భాగాలకు వాడికి తెలిసిన తెలుగు మాటలన్నీ తిట్లే. తిట్టుగా తప్ప పలకని మాటతో నొప్పి ఎక్కడో డాక్టరుకు ఎట్లా చెబుతాడు?

ఈ మౌనాన్ని మార్కెట్టు బాగా వాడుకుంటుంది. ‘నరాల బలహీనత’, ‘ధాతునష్టం’ అని గోడల మీద రాసి, లాడ్జి గదిలో కూర్చుని వైద్యం చేసేవాడికి కుర్రవాడి భయమే పెట్టుబడి. నిద్రలో వీర్యం పోవడం జబ్బు కాదనీ, దానికి మందు అక్కరలేదనీ మామూలు తెలుగులో చెప్పే నాలుగు వాక్యాలు ఆ వ్యాపారాన్ని దెబ్బతీయగలవు. విజయవాడ డాక్టరు సమరం వారపత్రికల ప్రశ్న–జవాబు శీర్షికల ద్వారా దశాబ్దాలపాటు ఆ పని చేశారు. ఉత్తరం రాయగలిగినవాళ్ల ప్రశ్నలే ఆ శీర్షికలకు చేరుతాయన్న పరిమితి ఉన్నా, అడిగిన ప్రశ్నకు సిగ్గుపెట్టకుండా జవాబివ్వడమనే మర్యాదను అవి నేర్పాయి.

మాటలకంటే లోతైనది వాక్యనిర్మాణం. ‘పిల్ల కాలు జారింది’, ‘తప్పు చేసింది’, ‘చెడిపోయింది’. ఈ వాక్యాల్లో కర్త ఎవరో చూడండి. అబ్బాయి వాక్యంలోనే లేడు. అత్యాచారానికి గురైన పిల్ల గురించి కూడా ‘ఆ పిల్ల బతుకు నాశనమైంది’ అంటామే తప్ప, చేసినవాణ్ణి కర్తగా పెట్టి మాట్లాడం. ‘ముట్టు’, ‘బయట చేరడం’ అన్న మాటల్లోనే అంటు ఉంది. లైంగిక విద్య పుస్తకం శాస్త్రం చెబుతూనే ఈ వ్యాకరణాన్ని వాడితే, విషయం ఎడమచేత్తో ఇచ్చి కుడిచేత్తో లాక్కున్నట్టే. ‘ముట్టు’ అన్న మాటను వదిలేసి సంస్కృత పదం పెట్టినంత మాత్రాన అంటు పోదు. ఆ మాటనే వాడి, అంటు లేదని చెప్పాలి. బస్తీ ఆడవాళ్ల నోట ఉన్న ‘కడుపు పోవడం’, ‘తెల్లబట్ట’, ‘పెద్దమనిషి కావడం’ వంటి మాటలు స్పష్టమైనవి, అవమానం లేనివి. అక్కడినుంచి మొదలుపెట్టవచ్చు.

7. రచయితల బాధ్యత

ఈ పని తెలుగు సాహిత్యానికి కొత్తది కాదు. ‘కన్యాశుల్కం’ బాల్యవివాహాన్ని వేదిక మీదికి లాగింది. చలం స్త్రీ కోరికను మాట్లాడదగిన విషయం చేశాడు. 1980లలో స్త్రీవాద కవులు కానుపునూ, గర్భస్రావాన్నీ, పైటనూ కవితా వస్తువులు చేసినప్పుడు అశ్లీలమన్న విమర్శ వచ్చింది. 1993లో ఓల్గా సంకలనపరచిన ‘నీలిమేఘాలు’ ఆ కవిత్వాన్ని ఒకచోట నిలబెట్టింది. కాని ఈ సంపద అంతా చదువుకున్న పాఠకుల దగ్గరే ఆగిపోయింది. మెకానిక్ షెడ్డులోని కుర్రవాడికి మనం ఇంతవరకు ఏమీ రాయలేదు. వాడికోసం రాస్తున్నది సెల్‌ఫోనులోని నీలిచిత్రాల వ్యాపారి ఒక్కడే.

కాబట్టి రచయితలకూ, సాహిత్య విద్యార్థులకూ నా సూచన ఇది. మీ ప్రాంతంలో ఇటువంటి పుస్తకమో, నాటకమో కనబడితే దాన్ని సమీక్షించండి, కథను సమీక్షించినంత శ్రద్ధగా. దాని పాఠకుడెవరో అడగండి. కర్త ఎవరో, వాక్యంలో ఎవరు మాయమయ్యారో చూడండి. భయం మీద నడుస్తున్నదా, ఆలోచన మీద నడుస్తున్నదా పరీక్షించండి. చదివిన తర్వాత ఎక్కడికి పోవాలో, ఎవరిని అడగాలో దానిలో ఉందేమో వెతకండి. మానేసినవాళ్ల గురించి నిర్వాహకులను నిలదీయండి. అంతటితో ఆగక, ముసాయిదాను బస్తీలో పైకి చదివి వినిపించండి. ఎక్కడ నవ్వారో, ఎక్కడ తల దించుకున్నారో, ఎక్కడ ‘అట్ల గాదు’ అన్నారో రాసుకొని తిరిగి రాయండి.

ప్రజల భాషలో రాయాలని మనం చాలాకాలంగా అంటున్నాం. ఆకలికి, కూలికి, పోరాటానికి ఆ భాషను సంపాదించుకున్నాం. దేహానికి మాత్రం ఇంకా సంపాదించుకోవలసే ఉంది. అది వచ్చేదాకా ఒక అమ్మాయి తన నొప్పిని పేరు పెట్టి చెప్పలేదు, ఒక అబ్బాయి తన భయాన్ని బూతు లేకుండా అడగలేడు.